బండి బీమా, ఖూన్‌బహా, రెండు దేశాల హిసాబ్

నంద్యాలలో నా 125 సీసీ బండికి చివరిసారి కట్టిన థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు, పైన పన్ను. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన సర్కారీ రేటు అది. 75 సీసీ దాటి 150 సీసీ దాకా ఏ బండికైనా అంతే. నడిపేవాడు పద్దెనిమిదేళ్ల కుర్రాడైనా, అరవై దాటిన హాజీ సాబ్ అయినా అదే 714. వెయ్యి దాటి 1,500 సీసీ దాకా ఉన్న కారుకైతే 3,416. ఆ రెండంకెలూ మనసులో పెట్టుకుని బర్మింగ్‌హామ్‌లో దిగాను.

స్పార్క్‌హిల్‌లో ఇల్లు దొరికిన వారానికి, పాత చిన్న కారు ఒకటి చూసి బీమా ఎంతవుతుందో కనుక్కున్నాను. ఏడాదికి 1,940 పౌండ్లు! ఆ డబ్బుతో నంద్యాలలో రెండు కొత్త బండ్లు వస్తాయని మా బేగం అక్కడికక్కడే హిసాబ్ చెప్పింది. 125 సీసీ బండికి అడిగితే 480. అంటే కారుకీ బండికీ మధ్య తేడా అక్కడా ఇక్కడా ఇంచుమించు ఒకటే, నాలుగైదు రెట్లు. మారింది అసలు రకమే.

ఇంకో అజబ్ సంగతి. ఖర్చు తగ్గుతుందని కారుకి థర్డ్ పార్టీ ఒక్కటే అడిగితే 2,100 చెప్పారు. మన దగ్గర థర్డ్ పార్టీ అంటే అన్నిటికంటే చవక. ఇక్కడ చాలా ఏళ్లుగా అది మాత్రమే కొనేవాళ్లలో ప్రమాదాలు ఎక్కువ చేసేవాళ్లు ఉన్నారని కంపెనీల లెక్క. కాబట్టి తక్కువ అడిగినవాడి మీద ఎక్కువ షక్. నంద్యాలలో ఎనిమిదేళ్లు ఒక్క క్లెయిమ్ లేకుండా నడిపినట్టు తెచ్చుకున్న కాగితం చూపించాను. నేనడిగిన కంపెనీల్లో ఒక్కటి కూడా దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మసీదులో పరిచయమైన భాయ్ ఒకాయన మంచి మనసుతోనే రెండు సలహాలు ఇచ్చారు. ఒకటి, వూస్టర్‌లో ఉన్న మా చుట్టం ఇంటి అడ్రస్ రాయడం. అక్కడి పోస్ట్‌కోడ్‌కి ఐదారు వందలు తగ్గుతుంది. రెండు, నెలనెలా కట్టుకోవడం. నెలవారీ కాగితం తీసి చూస్తే మొత్తం 2,190 అయింది. ఆ పైన 250 ఏమిటంటే సూద్. ఇక్కడ నెల కిస్తు అంటే ప్రీమియాన్ని ముక్కలు చేయడం కాదు, ఏడాది ప్రీమియానికి అప్పు ఇచ్చి వడ్డీతో వసూలు చేయడం. ఒప్పందంలో వడ్డీ శాతం సాఫ్‌గా రాసే ఉంటుంది. మనవాళ్లు చాలామంది అది చదవకుండానే సంతకం పెడుతున్నారు. ఇంటి లోన్ విషయంలో ఎంత ఎహతియాత్ పాటిస్తారో, ఇక్కడ అంత కళ్లు మూసుకుంటారు.

రెండు సలహాలూ పక్కన పెట్టాక, ఇంత డబ్బు ఎందుకనే కోపం మాత్రం మిగిలింది. ఆ కోపంతోనే ఈ బీమా తారీఖ్ చదవడం మొదలుపెట్టాను. చదువుతూ పోతే నాకు మా చచ్చా ఎదురయ్యారు.

1930లో బ్రిటన్‌లో ఏడు వేలమందికి పైగా రోడ్ల మీద చనిపోయారు. ఇప్పటితో పోలిస్తే వాహనాలు చాలా తక్కువగా ఉన్న రోజులవి. ఆ ఏడాది చేసిన రోడ్ ట్రాఫిక్ చట్టంలో కార్లకు ఉన్న వేగం హద్దు ఎత్తేశారు, అదే చట్టంలో థర్డ్ పార్టీ బీమా లాజిమ్ చేశారు. ఇటు లగామ్ వదిలి, అటు దెబ్బ తగిలినవాడికి హర్జానా రాసిపెట్టారన్నమాట. మన దేశంలో 1939 మోటారు వాహనాల చట్టం బీమా అధ్యాయాన్ని దాదాపు ఆ అచ్చులోనే పోసింది. కానీ ఆ అధ్యాయం అమల్లోకి వచ్చింది 1946 జులై 1న.

ఆ తారీఖు దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే సరిగ్గా దానికి రెండు వారాల ముందు, 1946 జూన్‌లో, లండన్‌లో బీమా కంపెనీలకూ ప్రభుత్వానికీ ఇంకో ఒప్పందం కుదిరింది. బీమా లేనివాడు గుద్దితే దెబ్బ తిన్నవాడి గతి ఏమిటని 1937లోనే ఒక కమిటీ అడిగింది. దానికి జవాబుగా మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో పుట్టింది. మోటారు బీమా అమ్మే ప్రతి కంపెనీ అందులో చేరాలి, చందా కట్టాలి. బీమా లేని బండి మనిషిని చంపితే బ్యూరో హర్జానా ఇస్తుంది. తర్వాతి రోజుల్లో గుద్ది పారిపోయినవాళ్ల కేసులకూ అది బాధ్యత తీసుకుంది. ఆ చందా చివరికి నాలాంటివాడి ప్రీమియంలోంచే పోతుంది. లండన్ నుంచి మన దగ్గరికి చట్టం వచ్చింది. బ్యూరో రాలేదు.

మా చచ్చా 1996లో సైకిల్ మీద దుకాణానికి పోతుంటే మోటార్ సైకిల్ గుద్దింది. మూడో రోజు ఇంతెఖాల్ అయ్యారు. గుద్దినవాడు పారిపోలేదు, తనే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చాడు. వాడి బండికి బీమా లేదు. ట్రిబ్యునల్‌లో నాలుగేళ్లు నడిచాక చాచీకి హర్జానా ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఎవరివ్వాలి? ఆ అబ్బాయే. వాడికి అద్దె ఇల్లు తప్ప ఏమీ లేదు. తీర్పు కాగితం ఇప్పటికీ చాచీ ట్రంకు పెట్టెలో ఉంది. పైసా రాలేదు. గుద్దినవాడెవరో తెలియకపోతే చనిపోయినవాళ్ల వారసులకు సర్కారు పథకం కింద అప్పట్లో 25,000 రూపాయలు వచ్చేవి. వాడు పారిపోయి ఉంటే చాచీకి అదైనా దక్కేది. ఇన్సానియత్ చూపించి నిలబడ్డందుకు ఆ దారి కూడా మూసుకుపోయింది. 2022 నుంచి ఆ మొత్తాన్ని రెండు లక్షలు చేశారు. తెలిసినవాడు బీమా లేకుండా గుద్దితే మాత్రం చాచీ ఎదుర్కొన్న ఇబ్బందే.

మరి రేట్లు ఎక్కడ విడిపోయాయి? మన దేశంలో 1973 జనవరి 1 నుంచి జనరల్ ఇన్సూరెన్స్ జాతీయం అయింది. 107 కంపెనీలు కలిసి నాలుగయ్యాయి. రేటు పట్టిక ఒకటే, దేశమంతా అదే. 2000 తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి, 2007లో సొంత బండి నష్టానికి రేట్లు వదిలేశారు. థర్డ్ పార్టీ రేటు మాత్రం ఇప్పటికీ సర్కారు చేతిలోనే ఉంది. ఆ పట్టిక ఇంజిన్‌ని చూస్తుంది, మనిషిని చూడదు. బ్రిటన్‌లో కూడా ఒకప్పుడు కంపెనీలు కలిసి పెట్టుకున్న రేటు పట్టిక ఉండేది. 1960ల చివర్లో అది కూలిపోయింది. పోటీలో రేట్లు కోసుకుంటూ పోయిన పెద్ద కంపెనీ ఒకటి 1971లో దివాలా తీస్తే లక్షలమంది రాత్రికి రాత్రి బీమా లేనివాళ్లయ్యారు. ఆ తర్వాత ఒక్కొక్క మనిషినీ విడిగా తూచడం బలపడింది. వయసు, పని, బండి రాత్రి ఎక్కడ పెడతావు, లైసెన్సు ఎక్కడిది, ఎన్నేళ్లది... అన్నీ అడుగుతారు. ఆడామగా తేడా మాత్రం 2012 డిసెంబర్ నుంచి చూడకూడదు, యూరప్ న్యాయస్థానం తీర్పు అది.

మోటార్ సైకిళ్లవాళ్లు చెవిన వేసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. వెనక కూర్చున్న మనిషి సంగతి. బ్రిటన్‌లో 1972 డిసెంబర్ నుంచి కారులో వెళ్లేవాళ్లకైనా, బండి వెనక కూర్చున్నవాళ్లకైనా బీమా తప్పనిసరి. మన దగ్గర, చట్టం అడిగే కనీస పాలసీలో వెనక కూర్చున్న మనిషి రాడని 2006లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. అంటే నా 714 రూపాయల కాగితంతో ఎనిమిదేళ్లు బేగంని వెనక కూర్చోబెట్టుకుని ఊరంతా తిరిగాను, నా తప్పుతో ఆమెకేమైనా అయితే ఆ కాగితం పనికొచ్చేది కాదు. నాకా సంగతి బర్మింగ్‌హామ్ వచ్చాక తెలిసింది. మీ ఇంట్లో బండి ఉంటే ఇవాళే పాలసీ తీసి చూడండి. కాంప్రెహెన్సివ్ ఉందా, వెనకవాళ్లకు విడిగా రాయించారా అని.

బీమా జాయిజా, నాజాయిజా అనే బహస్ మన ఇళ్లల్లో ఎప్పుడూ ఉండేదే. డమాస్కస్ ఫఖీహ్ ఇబ్న్ ఆబిదీన్, ఆయన 1836లో పోయారు, ఓడల బీమాని ‘సూకరా’ అనే పేరుతో చర్చించి కాదన్నారు. 1985లో జిద్దాలోని ఫిఖ్ అకాడమీ వ్యాపార బీమా వద్దంది, ఒకరికొకరు సాయంగా నడిపే బీమా సరే అంది. చట్టం లాజిమ్ చేసినచోట మజ్బూరీ కింద తీసుకోవచ్చని చాలామంది ఉలమా చెప్పారు. బ్రిటన్‌లోనే 2008లో హలాల్ పేరుతో ఒక మోటార్ బీమా కంపెనీ మొదలైంది, మరుసటి ఏడాదే కొత్త పాలసీలు ఆపేసింది.

కానీ నన్ను పట్టుకున్నది ఆ బహస్ కాదు, ఆఖిలా. ఖతా వల్ల, అంటే పొరపాటున ఒక మనిషి ప్రాణం పోతే దియత్ ఆ ఒక్కడి నెత్తిన పడేది కాదు, కబీలా అంతా కలిసి కట్టేది. మదీనా మీసాఖ్‌లోనే ఆ జిమ్మేదారీ రాసి ఉంది. తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో దీవాన్ ఏర్పడ్డాక, ఒకే దీవాన్‌లో పేర్లున్నవాళ్లే ఆఖిలా అని హనఫీలు చెబుతారు. రక్త సంబంధం పోయి దఫ్తర్ సంబంధం వచ్చింది! ఆ దియత్‌ని మూడేళ్ల కిస్తుల్లో కట్టేవాళ్లు, సూద్ లేకుండా. మా చచ్చాని గుద్దిన అబ్బాయికి లేనిది సరిగ్గా ఇదే. వాడి వెనక ఏ దీవానూ లేదు.

అందుకని ఇక్కడి పద్ధతి అంతా బాగుందని అనను. బ్యూరో చందా సంగతి వేరు, పోస్ట్‌కోడ్ వేరు. స్పార్క్‌హిల్‌లో ఉన్నందుకు నాలుగు వందలు ఎక్కువ, తోటలున్న పేటలో ఉన్నందుకు తక్కువ. గరీబు మొహల్లాకి ఎక్కువ రేటు, వాళ్లకే ఒకేసారి కట్టే తాహత్ లేదు, అందుకని పైన సూద్ కూడా వాళ్లకే. ఆఖిలాలో గరీబు మీద భారం వేసేవాళ్లు కాదు. ఇక్కడ తిరగబడింది. నాకు ఇది జుల్మ్‌లాగే కనిపిస్తోంది.

అయినా వూస్టర్ అడ్రస్ రాయలేదు. బీమా కాగితంలో అబద్ధం రాస్తే ఏమవుతుందనే లెక్క ఇక్కడ పాతది. 1766లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఒక తీర్పులో, బీమా అంటే ఇద్దరూ తెలిసిన నిజం దాచకపోవడం అన్నాడు. సుమత్రాలో కంపెనీ కోట ఒకదాన్ని ఫ్రెంచివాళ్లు పట్టుకున్న కేసు అది. 2012 చట్టం మామూలు జనానికి ఆ బరువు కొంత తగ్గించింది, అడిగినదానికి జాగ్రత్తగా నిజం చెబితే చాలు. అడ్రస్ అడిగినదే కదా.

మొదటి ఏడాది బండి కొన్నాను. 480 పౌండ్లు ఒకేసారి కట్టాను. పిల్లలూ బేగం బస్సులో. వానలో పని నుంచి తడిసి వచ్చినప్పుడల్లా బేగం చూపుల్లో ఆ 1,940 కనిపించేది. రెండో ఏడు రేటు 1,410కి దిగింది. మా బావమరిది ఖర్జె హసనా ఇచ్చాడు, ఒకేసారి కట్టి, పది నెలల్లో అతనికి తీర్చాను.

ఫోన్‌లో చాచీ అడిగారు, అంత డబ్బు ఎవరికి కడుతున్నావు బేటా అని. బ్యూరో సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ దఫ్తర్ అప్పట్లో కూడా ఉందా?" అన్నారు. 1946 నుంచి ఉందని చెప్పాను.

కొత్తగా వచ్చేవాళ్లకి ఒక మాట. మన లైసెన్సు మీద ఇక్కడ నివాసం మొదలైనప్పటి నుంచి పన్నెండు నెలలు కారూ బండీ రెండూ నడపొచ్చు. ఆ తర్వాత కారుకి ఒక పరీక్ష, బండికి వేరే పరీక్ష. తారీఖులు దొరకడానికి నెలలు పడుతుంది, దిగిన వెంటనే రాసుకోండి. నేను పదో నెలలో మొదలుపెట్టి, రెండు నెలలు నడిచి తిరిగాను.