రఫత్ పేరు మీద

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రికి మూలం ఒక పనిమనిషి మరణం. ఒట్టోమన్ రాజవంశపు ఆడబిడ్డ నిలోఫర్ 1931లో ఏడో నిజాం రెండో కొడుకు మొజంజాను పెళ్లాడింది. ఆమెకు పిల్లలు కలగలేదు. తన దగ్గర పనిచేసే రఫత్ కాన్పులో చనిపోతే తట్టుకోలేకపోయింది. ఇంకే రఫత్‌కూ ఆ గతి పట్టకూడదనుకుంది. 1953కల్లా తల్లీబిడ్డల కోసం ఆసుపత్రి లేచింది.

మా నానమ్మ తొలిచూలు బిడ్డను పురిట్లోనే పోగొట్టుకుంది. అందుకే గుడి హుండీలో ఎంత వేసినా, నిలోఫర్ ఆసుపత్రికని కొంత వేరే తీసిపెట్టేది. స్టీలు క్యాన్ నిండా వేడిపాలు, సంచీలో బన్నులు పట్టుకుని అక్కడికి వెళ్లేది. ఆసుపత్రి బయట ఫుట్‌పాత్ మీద చాప పరుచుకున్న, రోగుల తాలూకు మగవాళ్లు మొహమాటపడుతూ గ్లాసు అందుకునేవాళ్లు. ముసలమ్మ ఎవరైనా కనిపిస్తే, “నీ కోడలికి కూడా తీసుకుపో అమ్మా” అంటూ ఇంకో గ్లాసు నింపేది. ఎవరికి ఇస్తే ఎంత పుణ్యమని ఆమె ఏనాడూ లెక్కేయలేదు. మనసు ఎక్కడ కాలిందో అక్కడ ఇవ్వడమే సరైన పద్ధతని నేనూ నమ్ముతాను.

ఇప్పుడు ఆ పని అక్కయ్య చూస్తోంది. చలికాలంలో దుప్పట్లు కూడా ఇస్తున్నాం.