పాత అంబాసిడర్‌కు పూర్వరూపమా.. కొత్త హంగులా?

ఇంటి వెనక రేకుల షెడ్డులో, టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి కదలని అంబాసిడర్ కార్లు తెలుగు జిల్లాల్లో నేటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. తాతో తండ్రో పంట డబ్బుతో కొన్న కారది. పెళ్లికొడుకును ఊరేగించింది అందులోనే, అర్ధరాత్రి పురిటి నొప్పులతో ఉన్న ఆడపడుచును ఆసుపత్రికి చేర్చిందీ అందులోనే. తుక్కు కింద తూకానికి అమ్మడానికి మనసొప్పదు. బాగు చేయిద్దామంటే ఇంట్లోనే రెండు మాటలు. కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉండాలని పెద్దలు పట్టుబడతారు. కొత్త ఇంజిన్, ఏసీ, వెడల్పాటి చక్రాలు లేకుంటే ఎవరు నడుపుతారని కుర్రాళ్లు అడుగుతారు. ఈ వాదనను అభిరుచుల తగాదాగా చూసి పనిలోకి దిగిన వారు డబ్బుతోపాటు కొన్నిసార్లు కారునూ పోగొట్టుకుంటున్నారు. నిజానికి ఇందులో అభిరుచి కంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. అవి కాగితాలు, కారు ఒళ్లు, దాన్ని వాడబోయే తీరు.

అమెరికాలో మొదలైన చర్చ

పాత కారుకు పూర్వరూపం తేవాలా, కొత్త యంత్రాలు బిగించాలా అన్న చర్చ అమెరికాలో బాగా పాతది. అక్కడ 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవోతో ఊపందుకున్న శక్తిమంతమైన కార్లను మజిల్ కార్లంటారు. కంపెనీలో బిగించిన ఇంజినే నేటికీ ఉండి, దాని నంబరు కారు నంబరుతో సరిపోలితే అభిమానులు అలాంటి కారుకు ఎక్కువ విలువ కడతారు. పాత ఒంటిలో కొత్త ఇంజిన్, కొత్త బ్రేకులు పెట్టుకునే వారూ అక్కడ ఎందరో ఉన్నారు. అలా మార్చిన కారును రెస్టోమాడ్ అంటారు. ఆ బొమ్మలు, వీడియోలు చూసి మనవాళ్లూ అదే దారి పట్టాలనుకుంటారు. అయితే అక్కడ చెల్లిన మార్పులన్నీ ఇక్కడ చెల్లవు.

చట్టం గీసిన గీత

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. ఈ నిబంధనను 2019 జనవరిలో సుప్రీంకోర్టు మరింత స్పష్టం చేసింది. కేరళకు చెందిన కేసులో హైకోర్టు ఇచ్చిన తీర్పును పక్కనపెట్టి, వాహన మౌలిక స్వరూపాన్ని యజమాని ఇష్టానుసారం మార్చడానికి వీల్లేదని చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో శిక్షలూ చేరాయి. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

పైకప్పు కోయడం, ఒంటిని కత్తిరించి పొడవు తగ్గించడం, పెట్రోలు కారులో మరో కంపెనీ డీజిల్ ఇంజిన్ కూర్చోబెట్టడం వంటివి ఈ గీత దాటేవే. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి ఇంధనాలకు మారడానికి మాత్రం చట్టం దారి ఉంచింది. అది కూడా ఆమోదం పొందిన కిట్‌తో, రవాణా శాఖ అనుమతితోనే చేయించాలి. రంగు మార్చినా ఆ వివరం ఆర్‌సీలో నమోదు చేయించుకోవడం మంచిది.

ముందు సీ బుక్కు తీయాలి

అందుకే మెకానిక్‌ను పిలవడానికి ముందే బీరువాలోని సీ బుక్కు బయటకు తీయాలి. అందులోని చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఇంధనం, రంగు కారుపై ఉన్న వాటితో సరిపోలుతున్నాయో లేదో చూసుకోవాలి. అంబాసిడర్ల విషయంలో ఇది మరీ అవసరం. ఒకప్పుడు పెట్రోలు ఖర్చు భరించలేక చాలామంది డీజిల్ ఇంజిన్లు వేయించుకున్నారు. ఆ మార్పు ఆర్‌సీకి ఎక్కిందా లేదా అన్నది ఇప్పటి యజమానికి తెలియకపోవచ్చు. ఎక్కకపోతే లక్షలు పోసి బాగు చేసిన కారు తనిఖీ దగ్గరే ఆగిపోతుంది.

కారు తండ్రి పేరునే ఉండి ఆయన కాలం చేసి ఉంటే, వారసుల పేరిట బదిలీ ముందు పూర్తి చేసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపై అయిదేసి ఏళ్లకు రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన వాహనాల రెన్యువల్ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో పెంచింది. ఆ ప్రకారం కారుకు రూ.10 వేలు, మోటారు సైకిల్‌కు రూ.2 వేలు చెల్లించాలి. ఆలస్య రుసుము, హరిత పన్ను, బీమా దీనికి అదనం.

యాభై ఏళ్లు దాటితే వేరే గౌరవం

తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు కేంద్రం 2021 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటిని వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. నంబరు ఫలకంపై రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని వస్తుంది. కొత్త నమోదుకు రూ.20 వేలు, తర్వాతి నమోదుకు రూ.5 వేలు రుసుము. నమోదు పదేళ్లు చెల్లుతుంది.

దీనికి షరతులున్నాయి. వాహనం అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. నమోదయ్యాక దాన్ని ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతుల కోసమే రోడ్డెక్కించాలి. రోజువారీ ప్రయాణాలకు, కిరాయికి వాడరాదు.

1970ల తొలినాళ్ల అంబాసిడర్లు ఈ అర్హతను ఇప్పటికే అందుకున్నాయి. 1970ల చివరివి కొద్ది ఏళ్లలో అందుకుంటాయి. అలాంటి కారులో ఈరోజు ఇంజిన్ మార్పిస్తే రేపటి అర్హత చేజారినట్లే. 1990ల నాటి కారు యజమానికి ఈ లెక్క అంత దగ్గరిది కాదు. అందుకే ఒకే కంపెనీ కారయినా రెండిళ్లలో నిర్ణయం రెండు రకాలుగా ఉండవచ్చు.

తుప్పు ఎక్కడుందో అదే అసలు ఖర్చు

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1950ల చివర నుంచి 2014 మే వరకు తయారైంది. జీపుకు, లారీకి ఉన్నట్లు దీనికి విడి చాసిస్ ఉండదు. కింది పళ్లెం, పక్క దూలాలు, పైకప్పు కలిసి ఒకే పెట్టెలా బరువు మోస్తాయి. అంచేత తలుపు అంచున పట్టిన తుప్పు వేరు, వెనక కమాను పట్టీలు బిగించే చోట పట్టిన తుప్పు వేరు. మొదటిది అందానికి సంబంధించినది. రెండోది ప్రాణానికి సంబంధించినది.

పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పలుచని బట్టలో చుట్టిన అయస్కాంతాన్ని ఒంటిమీద జరుపుతూ పోతే, అతుక్కోని చోటల్లా ఇనుము బదులు పుట్టీ ఉందని అర్థం. నేల చాపలు ఎత్తి, డిక్కీ అడుగున, తలుపుల కింది దూలాల వద్ద స్క్రూడ్రైవర్‌తో నొక్కి చూడాలి. లోనికి దిగిపోతే రేకు మార్చాల్సిందే. పూర్వరూపమైనా, కొత్త హంగులైనా ఈ ఖర్చు తప్పదు. ఇంజిన్ విప్పడం కంటే టింకరింగ్, రంగు పనులే ఎక్కువ నెలలు, ఎక్కువ డబ్బు మింగుతాయి. ఒళ్లు సరిచూడకుండా ముందుగా ఏసీ, సీట్లు, మ్యూజిక్ సిస్టమ్ కొని పెట్టుకున్నవారి పని సగంలో ఆగిపోవడానికి కారణం ఇదే.

ఎవరు, ఎంత దూరం నడుపుతారు?

మూడో ప్రశ్న వాడకానిది. పండగలకు, ఇంట్లో శుభకార్యాలకు మాత్రమే బయటకు తీసే కారుకు పాత డ్రమ్ బ్రేకులు, స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు అడ్డు కాదు. నెమ్మదిగా నడపడమే అందులోని ఆనందం. జాతీయ రహదారిపై లారీల మధ్య వారం వారం వంద కిలోమీటర్లు వెళ్లాలనుకుంటే మాత్రం బ్రేకులు, దీపాలు, సీటు బెల్టుల గురించి ఆలోచించక తప్పదు. రోజూ ఆఫీసుకు నడిపే కారే కావాలనుకుంటే దానికి అంబాసిడర్ సరైన బండి కాదని ఒప్పుకోవడం మేలు. ఆ అవసరం కోసం పాతకారును కోసి కుట్టే కన్నా, ఆ డబ్బుతో మరో చిన్న కారు కొనుక్కుని దీన్ని దీనిలాగే ఉండనివ్వడం చౌక.

విప్పి పెట్టగలిగేవే మార్చాలి

పూర్వరూపానికి, కొత్త హంగులకు మధ్య ఒక దారి ఉంది. చేసిన మార్పును రేపు ఒక మెకానిక్ పానా, స్క్రూడ్రైవర్‌తో విప్పి పాత భాగాన్ని తిరిగి బిగించగలిగితే దానితో నష్టం తక్కువ. కట్టర్, వెల్డింగ్ అవసరమయ్యే మార్పు అయితే వెనక్కి రాదు.

డైనమో స్థానంలో ఆల్టర్నేటర్, పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, తయారీదారు సూచించిన కొలతలోనే రేడియల్ టైర్లు మొదటి కోవకు వస్తాయి. దీపాల వెలుగు పెంచాలనుకుంటే రిలే తప్పక పెట్టించాలి. పాత స్విచ్చి, పాత తీగలు అధిక విద్యుత్తును మోయలేక కాలిపోయే ప్రమాదముంది. విప్పిన ప్రతి భాగానికి చీటీ కట్టి పెట్టెలో దాచాలి. పాత సామాన్ల కోసం విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల తిరిగినవారికి ఒక అసలు భాగం పోగొట్టుకుంటే మళ్లీ దొరకడం ఎంత కష్టమో తెలుసు.

పెట్రోలు మారింది, ఇంజిన్‌కూ మందు కావాలి

కొన్నిటిని మార్చకపోతేనే తప్పు. అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ సీసం కలిపిన పెట్రోలు కాలానిది. ఆ సీసం వాల్వు పీటలు అరగకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వస్తోంది. కాబట్టి ఇంజిన్ హెడ్డు విప్పినప్పుడు గట్టి లోహపు పీటలు వేయించడం మంచిది.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను, పంపులోని పొరను, కార్బురేటర్ వాషర్లను ఇథనాల్ మెత్తబరిచి చెడగొట్టవచ్చు. కారు నెలల తరబడి కదలకుంటే అది తేమను పీల్చుకుని ట్యాంకు తుప్పుకు కారణమవుతుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించడం, నిలిపి ఉంచే ముందు ట్యాంకు ఖాళీ చేయించడం అవసరం. చూసేవారికి ఈ మార్పులు కనిపించవు, కారు పాతదనం చెడదు.

ఏమీ చేయకపోవడమూ నిర్ణయమే

కొన్ని కార్లు చూడ్డానికి మాసిపోయినా లోపల చెక్కుచెదరకుండా ఉంటాయి. కంపెనీ వేసిన రంగు, కంపెనీ కుట్టిన సీట్లు నేటికీ నిలిచి ఉంటే వాటిని గీకి కొత్తవి వేయించడానికి ముందు రెండుసార్లు ఆలోచించాలి. కొత్త రంగు ఎన్నిసార్లయినా వేయించవచ్చు. మొదటి రంగును తిరిగి తేలేరు. అలాంటి కారుకు బ్రేకులు, తీగలు, గొట్టాలు సరిచేసి, శుభ్రం చేసి నడిపించుకుంటే చాలు.

పని మొదలుపెట్టే ముందు కారును అన్ని వైపుల నుంచీ, అడుగు భాగంతో సహా ఫొటోలు తీయాలి. చేయాల్సిన పనులను కాగితం మీద రాసి, మెకానిక్‌తో ఒక్కో పనికి విడిగా ధర మాట్లాడుకోవాలి. బ్రేకులు, స్టీరింగ్, తుప్పు మొదట, ఇంజిన్ తర్వాత, రంగు, హంగులు చివర అన్న వరుస తప్పకూడదు. డబ్బు మధ్యలో అయిపోయినా అప్పటికి కారు క్షేమంగా నడిచే స్థితికి చేరుతుంది.

షెడ్డులోని కారు కోసం ఇంట్లో జరిగే వాదనలో తండ్రి మాట, కొడుకు మాట రెండూ న్యాయమైనవే. సీ బుక్కు, అయస్కాంతం పట్టుకుని ఇద్దరూ కలిసి ఒక పూట కారు చుట్టూ తిరిగితే సగం వాదన అక్కడే తీరుతుంది. మిగిలిన సగానికి తొందర అక్కర్లేదు. ఈ తరం కోయకుండా ఉంచిన కారును ఏం చేయాలో వచ్చే తరం నిర్ణయించుకోగలదు. కోసిన కారుపై ఆ అవకాశం వారికి ఉండదు.