నీటికాసులు: చూపు పోయేదాకా తెలియని జబ్బు.. రక్త పరీక్షతో ముందే దొరుకుతుందా?

రొయ్య పిల్లను చెరువులో వదిలే ముందే పీసీఆర్ టెస్టు చేయించే ప్రాంతం కలిదిండి. మరి అదే రైతు కంటికి ముందస్తు టెస్టు ఉందా? షుగర్ లాగా ఒక్క బొట్టు రక్తంతో గ్లకోమా కూడా తెలిసిపోతే బాగుండేదే. పెద్దవాళ్లలో వచ్చే గ్లకోమాను రక్తంతో తేల్చే పరీక్ష ఇప్పటికైతే ఆసుపత్రుల్లో లేదు. పరిశోధనలు మాత్రం జోరుగా సాగుతున్నాయి.

గ్లకోమాను మన దగ్గర నీటికాసులు అంటారు. కంట్లో నిత్యం ఊరే ద్రవం జల్లెడ లాంటి సన్నని దారిలో బయటకు పోతుంటుంది, కొల్లేరు నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలిసినట్టే. ఉప్పుటేరు పూడితే ఊళ్లు, చెరువులు మునుగుతాయి కదా. ఇక్కడా అంతే. దారి మూసుకుపోతే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతింటుంది. చాలామందికి నొప్పి ఉండదు. పక్క చూపు ముందు తగ్గుతుంది కాబట్టి తేడా తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. డాక్టర్‌కు చూపించకుండా మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని నెలల తరబడి వేసుకున్నా ఈ ఒత్తిడి పెరగొచ్చు.

ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996-2000 మధ్య హైదరాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పెద్ద సర్వే చేసింది. హైదరాబాద్‌లో ఓపెన్ యాంగిల్ గ్లకోమా ఖాయమైన 27 మందిలో ఆ సంగతి ముందే తెలిసింది ఇద్దరికే! సగం మందికి పైగా అప్పటికే తీవ్ర నష్టం జరిగిపోయింది. పైగా చాలామందికి కంటి ఒత్తిడి మామూలుగానే ఉంది. అంటే ఒత్తిడి ఒక్కటే కొలిస్తే సరిపోదు. రక్తంలో గుర్తుల కోసం వెతుకులాట అందుకే.

ఇందులో ఎక్కువగా వినిపిస్తున్న పేరు నికోటినమైడ్.. విటమిన్ బి3లో ఒక రూపం. 2017లో అమెరికా జాక్సన్ ల్యాబ్ శాస్త్రవేత్తలు దీన్ని ఎలుకలకు ఇస్తే చూపు నరానికి రక్షణ దొరికింది. 2019లో ఫ్రాన్స్ పరిశోధకులు గ్లకోమా రోగుల రక్తంలో ఇది తక్కువగా ఉందని గుర్తించారు. అయితే అది చిన్న అధ్యయనం. బి3 తగ్గిన ప్రతి ఒక్కరికీ గ్లకోమా ఉన్నట్టు కాదు. ఇది చదివి బి3 మాత్రలు మింగేయొద్దు, ప్రయోగాల్లో వాడే పెద్ద డోసు లివర్‌ను దెబ్బతీసే ప్రమాదం ఉంది.

హెచ్‌బీఏ1సీ పరీక్ష సంగతి వేరు. అది గ్లకోమాను చెప్పదు. కానీ షుగర్ అదుపు తప్పితే రెటీనా దెబ్బతిని, ముదిరితే అదే ఒక మొండి రకం గ్లకోమాకు దారి తీస్తుంది.

రక్తం నిజంగా పనికొచ్చేది పసిపిల్లల విషయంలో. పుట్టుకతో వచ్చే గ్లకోమా ఆంధ్రప్రదేశ్‌లో 3,300 జననాలకు ఒకటిగా అంచనా వేశారు. చాలా దేశాలతో పోలిస్తే ఇది ఎక్కువ. దీని వెనకున్న ప్రధాన జన్యువు సీవైపీ1బీ1. రక్తంలోని డీఎన్‌ఏలో ఆ లోపం కనిపెట్టొచ్చు. తల్లిదండ్రులిద్దరిలోనూ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాల్లో ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది.

పెద్దలకు ఇప్పటికీ దారి ఒక్కటే. 40 దాటాక ఒత్తిడి, చూపు నరం రెండూ చూపించుకోవడం. ఇంట్లో ఒకరికి ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలూ వెళ్లాలి.

ఇక పసిబిడ్డ కళ్లు మరీ పెద్దగా ఉంటే ముద్దుగా ఉన్నాయని మురిసిపోతుంటారు. వాటితో పాటు నీరు కారడం, వెలుగు చూడలేక కళ్లు మూసేయడం, నల్లగుడ్డు మసకబారడం కనిపిస్తే ఆగకుండా కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ రకానికి చుక్కలతో సరిపోదు, ఎక్కువగా ఆపరేషనే చేయాల్సి వస్తుంది.