లీల (తత్త్వశాస్త్రం)

లీల అనగా ఆట, క్రీడ, విలాసము. భారతీయ తత్త్వశాస్త్రంలో సృష్టిని, జీవితాన్ని, మానవ సంబంధాలను ఒక క్రీడగా భావించే దృష్టికి ఈ పేరు వాడబడుతున్నది. తెలుగువారి భక్తి సాహిత్యంలోను, ముఖ్యంగా పెన్నా పరీవాహకమైన కడప సీమ, దాని పొరుగు ప్రాంతాల దేవాలయ ఉత్సవాలలోను ఈ భావన స్పష్టంగా కానవస్తుంది.

వేదాంతంలో

ఏ కొరతా లేని పరమాత్మ లోకాన్ని ఎందుకు సృష్టించాలి? ప్రయోజనం కోరి పనిచేసేవాడు పూర్ణుడు కాడు కదా అన్న ఆక్షేపణకు బ్రహ్మసూత్రాలు (2.1.33) ఇచ్చిన సమాధానమే లీల. ఈ సూత్రానికి భాష్యం వ్రాస్తూ శంకరాచార్యులు, కోరికలన్నీ తీరిన రాజు విహారాన్ని, అప్రయత్నంగా జరిగే ఉచ్ఛ్వాస నిశ్వాసాలను ఉదాహరించారు. రామానుజాచార్యులు చక్రవర్తి బంతియాటను ఉదాహరణగా చూపారు.

ఆటయే అయితే లోకంలో ఇంత దుఃఖం, ఇన్ని హెచ్చుతగ్గులు ఎందుకు అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. తరువాతి సూత్రం (2.1.34) ఈ ప్రశ్ననే చర్చించి, పక్షపాతం, నిర్దయ ఈశ్వరునికి అంటవనీ, జీవుల కర్మను అనుసరించి ఫలం కలుగుతుందనీ సమాధానం చెప్పినది. తెలుగు వైదిక కుటుంబానికి చెందిన వల్లభాచార్యులు (1479–1531) స్థాపించిన పుష్టిమార్గంలో కృష్ణలీలయే కేంద్రము.

తెలుగు సాహిత్యంలో

పోతన భాగవతం తొలి పద్యంలోనే బ్రహ్మాండాలు బాలకృష్ణుని క్రీడాదృష్టి నుండి పుట్టినట్లు వర్ణింపబడినది. గజేంద్రమోక్షంలో విష్ణువు లక్ష్మీదేవితో ప్రణయ వినోదంలో ఉండగా ఏనుగు మొర వినబడుతుంది. ఆయన ఎవరికీ చెప్పకుండా, ఆయుధాలు కూడా ధరించకుండా పరుగెత్తుతాడు. ఆర్తుని పిలుపు వినబడినప్పుడు వినోదాన్ని విడువగలగడం కూడా లీలలో భాగమేనని ఈ ఘట్టం సూచిస్తున్నది.

కడప జిల్లా తాళ్ళపాకలో జన్మించిన అన్నమాచార్యుడు (1408–1503) దైనందిన జీవితాన్ని నాటకంగా దర్శించి కీర్తనలు రచించాడు. ఆయన శృంగార కీర్తనలలో అలక, దెప్పిపొడుపు, రాజీ వంటి దాంపత్య వినోదాలే భక్తికి రూపాలైనవి.

ఉత్సవాలలో చుట్టరికాలు

కడప పట్టణ సమీపంలోని దేవుని కడపలో లక్ష్మీవేంకటేశ్వర స్వామి ఆలయం ఉన్నది. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు అని, ఆమెను పెండ్లాడిన స్వామి తమకు అల్లుడని భావించి ముస్లిములు ఉగాది నాడు ఈ ఆలయానికి వచ్చి స్వామిని దర్శించుకొందురు.

నంద్యాల జిల్లాలోని అహోబిలంలో చెంచులక్ష్మిని వివాహమాడిన నరసింహస్వామి చెంచులకు బావ. సంక్రాంతి అనంతరం ఆరంభమయ్యే పారువేట ఉత్సవంలో స్వామి పల్లకీ పరిసర గ్రామాలకు వెళ్ళి, తన కల్యాణానికి రమ్మని పిలుస్తుంది. తమ ఆడపడుచును తీసుకుపోయిన బావపై కోపం నటిస్తూ చెంచులు పల్లకీ వైపు బాణాలు ఎక్కుపెట్టుట ఇందులోని వేడుక.

ఈ రెండు సందర్భాలలోను చుట్టరికం ఒక ఆట వంటిదే. అయినను అది అబద్ధం కాదు. బావా అని పిలిచినవానిని పరాయివాడుగా చూడడం కష్టం. మతము, కులము వేరైనవారిని ఏటేటా ఒక పందిరి క్రిందికి చేర్చే శక్తి ఈ ఆటలకు ఉన్నది.

ఆటవస్తువులలో

వైకుంఠపాళి (పరమపదసోపాన పటము) జీవితాన్నే పలకగా మలచిన ఆట. సద్గుణాలు నిచ్చెనలుగా, దుర్గుణాలు పాములుగా ఉంటాయి. గవ్వలు ఎలా పడతాయో ఆటగాని చేతిలో లేదు. పాము మింగినా తిరిగి మొదలుపెట్టడం మాత్రం అతని చేతిలోనే ఉన్నది. తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథల నడుమ కేతిగాడు, బంగారక్క వచ్చి మొగుడు పెళ్ళాల కలహాలను హాస్యంగా చూపుతారు. ప్రేక్షకులు తమ ఇంటి జగడాన్నే తెరపై చూచి నవ్వుకొంటారు.

పాశ్చాత్య చింతనలో

డచ్చి చరిత్రకారుడు యోహాన్ హౌజింగా 1938లో వెలువరించిన "హోమో లూడెన్స్" గ్రంథంలో సంస్కృతి క్రీడారూపంగానే పుడుతుందని ప్రతిపాదించాడు. మనోవైద్యుడు ఎరిక్ బెర్న్ "గేమ్స్ పీపుల్ ప్లే" (1964)లో మనుషులు లోపల ఒక ఉద్దేశం దాచుకొని పదేపదే ఆడే సంభాషణలను ఆటలుగా వర్గీకరించాడు. ఆయన దృష్టిలో నిజమైన ఆత్మీయత ఇటువంటి ఆటలు మానినప్పుడే కలుగుతుంది. జేమ్స్ కార్స్ 1986లో గెలుపు కోసం ఆడే ఆటలను, ఆట సాగడం కోసమే ఆడే ఆటలను వేరుచేసి చూపాడు. స్నేహము, దాంపత్యము రెండవ కోవకు చెందినవని ఈ విభజనను బట్టి చెప్పవచ్చును.

విమర్శ

జీవితాన్ని ఆటగా చూచుట బాధ్యతారాహిత్యానికి దారితీయునని, బాధపడేవానికి ఇతరుల లీలాదృష్టి ఓదార్పు కాదని విమర్శ కలదు. దీనికి మహాభారత సభాపర్వమే బలమైన నిదర్శనం. అక్కడ ధర్మరాజు తమ్ములను, తనను, చివరకు ద్రౌపదిని జూదంలో ఒడ్డాడు. పణంగా పెట్టబడిన ద్రౌపది ఆ ఆటకు సమ్మతించినది కాదు. సభలో ఆమె అడిగిన ప్రశ్నకు పెద్దలు నేరుగా బదులు చెప్పలేకపోయారు.

కనుక లీలకు, జూదానికి భేదం గుర్తించవలసి ఉన్నది. లీలలో పాల్గొనేవారందరూ ఆటగాళ్ళే, ఎవరూ పావు కారు. తన గెలుపోటములను తేలికగా తీసుకొనుటకు ఈ దృష్టి ఉపకరిస్తుంది. ఎదుటివాని కష్టాన్ని తేలికగా తీసుకొనుటకు అది ఆధారం కాజాలదు.

ఇవి కూడా చూడండి

- వైకుంఠపాళి
- తోలుబొమ్మలాట
- దేవుని కడప
- అహోబిలం
- గజేంద్రమోక్షం