తుప్పు

తుప్పు అనగా ఇనుము గాని, ఇనుము ప్రధానముగా గల మిశ్రలోహాలు గాని నీటితోను, గాలిలోని ఆక్సిజన్‌తోను చర్య జరిపినపుడు వాటిపై ఏర్పడే ఎరుపు గోధుమ రంగు పదార్థము. రసాయనికముగా ఇది ముఖ్యముగా ఆర్ద్ర ఫెర్రిక్ ఆక్సైడు. పరిసరాల ప్రభావము వలన లోహాలు ఈ విధముగా క్షీణించడాన్ని లోహక్షయము అంటారు. రాగి, ఇత్తడి పాత్రలపై ఏర్పడే పచ్చని చిలుము కూడా లోహక్షయమే గాని తుప్పు కాదు.

కారణము

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ అవసరము. దీనిని మూడు పరీక్షనాళికలు, కొన్ని ఇనుప మేకులతో నిరూపించవచ్చు. మొదటి నాళికలో మేకులు సగము మునిగేలా మామూలు నీరు పోయాలి. రెండవదానిలో మరిగించి చల్లార్చిన నీరు నిండుగా పోసి, పైన నూనె పొర ఉంచాలి. మూడవదానిలో తేమను పీల్చుకొనే అనార్ద్ర కాల్షియం క్లోరైడు వేసి బిరడా బిగించాలి. కొన్ని రోజులకు మొదటి నాళికలోని మేకులు మాత్రమే తుప్పు పడతాయి. రెండవదానిలో గాలి లేదు. మూడవదానిలో తేమ లేదు.

చర్య జరిగే విధానము

ఇది విద్యుత్ రసాయన చర్య. తడిసిన ఇనుముపై ఒకచోట పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయి ఫెర్రస్ అయాన్లుగా మారతాయి. ఆ ఎలక్ట్రాన్లు లోహము గుండా మరొక చోటికి చేరి, అక్కడ ఆక్సిజన్, నీటితో కలిసి హైడ్రాక్సిల్ అయాన్లను ఏర్పరుస్తాయి. ఈ రెండు రకాల అయాన్ల కలయిక వలన ఏర్పడిన ఫెర్రస్ హైడ్రాక్సైడు మరల ఆక్సీకరణము చెంది తుప్పుగా మారుతుంది. ఉప్పు కరిగిన నీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కనుక సముద్రతీరములో తుప్పు త్వరగా పడుతుంది.

అల్యూమినియముపై ఏర్పడే ఆక్సైడు పొర గట్టిగా అంటుకొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. తుప్పు అలా కాక, గుల్లగా ఉండి పొరలుగా రాలిపోతుంది. అందువలన తుప్పు తనంతట తాను ఆగదు.

నివారణ

* రంగు, నూనె, గ్రీజు పూత గాలిని, తేమను ఇనుముకు తగలనీయదు.
* జింకు పూత పూయడాన్ని గాల్వనీకరణము అంటారు. పూత గీసుకుపోయినా, ఇనుము కంటే ముందు జింకు క్షయము చెందుతూ ఇనుమును కాపాడుతుంది. ఓడల అడుగుభాగాలకు జింకు దిమ్మెలు బిగించడము ఈ సూత్రము మీదనే.
* సుమారు 10.5 శాతము లేదా అంతకు మించి క్రోమియము కలిపిన స్టెయిన్‌లెస్ స్టీలుపై పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది.

కట్టడాలలో తుప్పు

సిమెంటు క్షార స్వభావము కాంక్రీటులోని ఇనుప కడ్డీలను కాపాడుతుంది. ఉప్పునీరు, కడగని సముద్రపు ఇసుక వాడినా, కడ్డీలపై కాంక్రీటు మందము చాలకపోయినా ఈ రక్షణ పోతుంది. తుప్పు ఇనుము కంటే రెండు రెట్లకు పైగా స్థలము ఆక్రమించుట వలన స్లాబు పగిలి పెచ్చులు ఊడుతుంది. తుప్పు తొలగించకుండా పైపైన పూత పూస్తే పగులు కనపడదు గాని, లోపల కడ్డీ సన్నబడుతూనే ఉంటుంది.

రామేశ్వరము ద్వీపానికి 1914లో ప్రారంభమైన పాత పంబన్ రైలు వంతెన తుప్పుతో బలహీనపడగా, 2022 డిసెంబరులో దానిపై రైళ్ళను నిలిపివేశారు. 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్త వంతెనలో స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు, ప్రత్యేక రక్షణ పూత వాడారు.