వికిరణ ప్రేరిత విద్యుత్ వాహకత

ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు, వేగవంతమైన ఎలక్ట్రాన్లు వంటి అయనీకరణ వికిరణం తగిలినప్పుడు విద్యుత్ బంధకాలు కొంతమేర వాహకాలుగా మారే ధర్మం. రేడియం కిరణాల వల్ల ద్రవ బంధకాలకు వాహకత వస్తుందని పియరీ క్యూరీ 1902లో చూపాడు. ఘన పదార్థాలపై జె.ఎఫ్. ఫౌలర్ 1956లో ప్రచురించిన పరిశోధన నేటికీ ఆధారగ్రంథం లాంటిదే.

ఉదాహరణకు, బంధకమైన వజ్రంలో సంయోజక పట్టీకి, వాహక పట్టీకి మధ్య అంతరం సుమారు 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు. గది ఉష్ణోగ్రత వద్ద ఎలక్ట్రాన్లు దాన్ని దాటడం దాదాపు అసాధ్యం. వికిరణం ఆ శక్తిని అందించి ఎలక్ట్రాన్-రంధ్రం జంటలను పుట్టిస్తుంది. అయితే పాలిమర్లలో అవి ఎంతో దూరం సాగవు. నిర్మాణంలోని లోపాలు వాటిని ఉచ్చుల్లా పట్టేస్తాయి. అందుకే వాహకత వికిరణ మోతాదు రేటుకు అనులోమంగా కాక, చాలావరకు దాని 0.5 నుంచి 1 మధ్య ఘాతానికి అనుగుణంగా పెరుగుతుంది. ఉచ్చులు మెల్లగా ఖాళీ అవుతాయి గనుక వికిరణం ఆగాక కూడా వాహకత వెంటనే పోదు.

ఈ ధర్మం మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. ఉపగ్రహాల పైపొరల్లోని కాప్టాన్, టెఫ్లాన్ పాలిమర్లలో పేరుకునే ఆవేశం మెల్లగా జారిపోవడానికి తోడ్పడి, విద్యుత్ మెరుపుల ముప్పును తగ్గిస్తుంది. సంలీన రియాక్టర్లలో మాత్రం అల్యూమినా బంధకాల్లో విద్యుత్ లీకై కొలతలు తప్పుతాయి. రొమ్ము ఎక్స్‌రే యంత్రాల్లోని అస్ఫటిక సెలీనియం ఫలకాలు చిత్రాన్ని గ్రహించేది ఈ వాహకతతోనే.