డార్నియర్ విమానం, తెనాలి-రేపల్లె కీమ్యాన్

2024 మార్చి 18న బాపట్ల జిల్లాలో విమానాలు రోడ్డు మీద దిగాయి. అద్దంకి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిలో 4.1 కిలోమీటర్ల ముక్కని అత్యవసర సమయంలో రన్‌వేగా వాడుకునేలా కట్టారు కదా, అక్కడన్నమాట. ఆ రోజు సుఖోయ్‌లు, హాక్‌లు దిగినట్టే దిగి, మళ్ళీ పైకి లేచిపోయాయి. నిజంగా చక్రాలు ఆనించి ఆగినవి రెండు రవాణా విమానాలు. ఒకటి ఏఎన్-32, రెండోది డార్నియర్. సుఖోయ్ ముందు డార్నియర్ ఎవరికీ ఆనదు, అది వేరే సంగతి :) కానీ నాకు దాని కథే ఎక్కువ ఆసక్తి. ఎందుకంటే అది ఒకప్పుడు మనబోటి మామూలు జనం ఎక్కిన విమానం.

డార్నియర్ 228 పుట్టింది జర్మనీలో. 1981 మార్చిలో మొదటిసారి ఎగిరింది. 19 సీట్లు, రెండు టర్బోప్రాప్ ఇంజన్లు. 19 అనే అంకె ఊరికే రాలేదు. చాలా దేశాల్లో 19 సీట్ల దాకా ఎయిర్‌హోస్టెస్ అక్కర్లేదు, ఆ మేరకి ఖర్చు తగ్గుతుంది. లోపల గాలి ఒత్తిడి పెంచే ఏర్పాటు లేదు కాబట్టి జెట్ విమానాల్లా 35 వేల అడుగులకి పోదు, ఎప్పుడూ కిందకిందే ఎగురుతుంది. పొట్టి రన్‌వే ఉంటే చాలు. మొత్తానికి విమానాల్లో ఆర్డినరీ బస్సు లాంటిది.

అదే 1981లో, జనవరిలో, మన ప్రభుత్వం వాయుదూత్ అనే సంస్థ పెట్టింది. ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి పెట్టిన కంపెనీ ఇది. మొదటి ఉద్దేశం ఈశాన్య రాష్ట్రాలు. తర్వాత దేశమంతా పాకింది. మన రాష్ట్రంలో విజయవాడకీ రాజమండ్రికీ కూడా వచ్చింది. తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్ళకి అందుబాటులో ఉన్న విమానం అంటే గన్నవరంలో దిగేదే. 1983లో హెచ్ఏఎల్ లైసెన్సు ఒప్పందం కుదుర్చుకుని, కాన్పూర్‌లో డార్నియర్ల తయారీ మొదలుపెట్టింది. అక్కడ తయారైన మొదటి విమానం 1986లో ఎగిరింది. వాయుసేన, నౌకాదళం, కోస్ట్‌గార్డ్, వాయుదూత్ అన్నీ వీటినే వాడాయి.

ఇక ప్రమాదాలు. 1988 అక్టోబరు 19న గౌహతి దగ్గర వాయుదూత్ విమానం కూలి 34 మంది పోయారు. అది డార్నియర్ కాదు, ఫాకర్. 1989 సెప్టెంబరు 23న మాత్రం డార్నియరే. పూణె నుంచి హైదరాబాదు వస్తూ ఇందాపూర్ దగ్గర ఉజ్జని జలాశయంలో పడిపోయింది. 11 మంది పోయారు. ఈ దెబ్బలు ఒకవైపు, నష్టాలు ఇంకోవైపు. 1993లో వాయుదూత్‌ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు.

మన సాఫ్టువేరు జనాలకి అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. కంపెనీ పోయింది గానీ విమానాలు పోలేదు. వాటిని చూసుకోవడానికి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో షార్ట్ హాల్ ఆపరేషన్స్ డిపార్ట్‌మెంట్ అని ఒకటి మిగిలింది. పెద్ద పెద్ద ఎయిర్‌బస్‌లు నడిపే సంస్థలో, ఓ మూల 19 సీట్ల పాత విమానాల విభాగం. మన భాషలో చెప్పాలంటే, కంపెనీని ఇంకెవరో కొన్నాక మిగిలిపోయిన లెగసీ సిస్టమ్, దాని సపోర్ట్ టీమ్.

1998 జులై 30. కొచ్చిలో అప్పటికి ఇప్పటి కొత్త విమానాశ్రయం లేదు, నౌకాదళం విమానాశ్రయం నుంచే పౌర విమానాలు నడిచేవి. అలయన్స్ ఎయిర్ పేరు మీద నడుస్తున్న డార్నియర్ తిరువనంతపురానికి బయల్దేరింది. లోపల ముగ్గురు ప్రయాణికులు, ముగ్గురు సిబ్బంది. నేల వదిలిన కాసేపటికే ముక్కు నిటారుగా పైకి లేచింది. వేగం పడిపోయి, అక్కడే ఉన్న నౌకాదళం షెడ్డు మీద కూలింది. విమానంలో ఆరుగురూ పోయారు. కింద పని చేసుకుంటున్న ముగ్గురు కూడా పోయారు.

ఏం జరిగిందంటే, విమానం తోక దగ్గర అడ్డంగా ఓ చిన్న రెక్క ఉంటుంది, స్టెబిలైజర్ అంటారు. విమానం ముక్కు ఎంత ఎత్తులో ఉండాలో సరిచూసుకోవడానికి డార్నియర్‌లో ఆ రెక్క మొత్తం కాస్త పైకీ కిందకీ కదులుతుంది. దాన్ని కదిపే యంత్రాన్ని పట్టి ఉంచే బిగింపు ఆ రోజు సగం ఊడిపోయింది. రెక్క ముందు అంచు తనంతట తాను కిందకి దిగింది. దాంతో తోక కిందకి, ముక్కు పైకి. అంత తక్కువ ఎత్తులో పైలట్ చెయ్యగలిగిందేమీ లేదు.

బిగింపు ఎందుకు ఊడింది? అక్కడ ఉండాల్సిన హై-లాక్ ఫాస్టెనర్లు అసలు పెట్టనే లేదు కాబట్టి. ఈ హై-లాక్ చాలా తెలివైన వస్తువు. సరిపడా బిగిస్తే దాని తలకాయ ముక్క దానంతటదే విరిగిపోతుంది, ఇక ఎక్కువ తక్కువల సమస్య ఉండదు. మనిషి పొరపాటుని ముందే ఊహించి చేసిన డిజైన్ అన్నమాట. కానీ పెడితే కదా! ఆ విభాగంలో మెయింటెనెన్స్ పద్ధతులు బాగాలేకపోవడం కూడా ప్రమాదానికి దోహదం చేసిందని విచారణ తేల్చింది.

విలీనం వల్లే ఫాస్టెనర్లు పెట్టలేదని నేననడం లేదు. నేననేది ఏంటంటే, ఒక సంస్థని మూసేటప్పుడు మనం ఆస్తులు లెక్కేస్తాం, అప్పులు లెక్కేస్తాం, ఉద్యోగుల సర్దుబాటు చూస్తాం. పని చేసిన అలవాటుని ఏ కాగితం మీదా లెక్కెయ్యం. ఎన్ని కేటీ సెషన్లు పెట్టినా అది బదిలీ అవ్వదని మనందరికీ తెలిసిందే.

దీనికి ఎదురు ఉదాహరణ మన పక్కనే ఉంది. తెనాలి-రేపల్లె రైలు మార్గం 1916 నాటిది. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వేసింది. 1951లో ఆ కంపెనీ సదరన్ రైల్వేలో కలిసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. యజమాని పేరు మారుతూనే ఉంది. కానీ కీమ్యాన్ అనేవాడు పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని, తన హద్దులో పట్టాల వెంట నడిచి, వదులైన తాళాన్ని కొట్టి బిగించి రావడం అనే పద్ధతి మారలేదు. రైల్వేలో ప్రమాదాలు జరగవా అంటే జరుగుతాయి, కాదనను. కానీ ఈ ముక్క ఎవరిది అని అడిగితే చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు.

డార్నియర్ చెడ్డ విమానం అనుకోకండి. 2015 జూన్‌లో కోస్ట్‌గార్డ్ డార్నియర్ ఒకటి తమిళనాడు తీరంలో ముగ్గురితో సహా మాయమై, నెల దాటాక గానీ దొరకలేదు. నేపాల్లో 2010లో, 2012లో కూలిన మూడిట్లో 48 మంది పోయారు. అయినా కోస్ట్‌గార్డ్ తుఫాను వేళల్లో సముద్రం మీదున్న పడవల్ని హెచ్చరించడానికి ఈ విమానాన్నే వాడుతుంది. రేపల్లె అవతల నిజాంపట్నం నుంచి వేటకెళ్ళే వాళ్ళకి దాని విలువ మనకంటే బాగా తెలుసు. 2022 ఏప్రిల్లో హెచ్ఏఎల్ డార్నియర్ మళ్ళీ ప్రయాణికుల్ని ఎక్కించుకుంది, దిబ్రూగఢ్ నుంచి పాసీఘాట్‌కి.

2017లో ఉడాన్ పథకం మొదటి రోజునే కడప-హైదరాబాదు విమానం నడిపిన ట్రూజెట్, 2022లో ఆగిపోయింది. చిన్న ఊళ్ళకి విమానాలు ఇలా వస్తూ పోతూనే ఉంటాయి. రేపు మన వైపుకి మళ్ళీ ఓ 19 సీట్ల విమానం వస్తే టిక్కెట్టెంత అని తప్పక అడుగుదాం. దాంతో పాటే, ఈ కంపెనీ మూతపడితే ఈ విమానం బోల్టులు ఎవరు చూస్తారు అని కూడా అడగాలి. కొచ్చిలో షెడ్డులో పని చేసుకుంటున్న ఆ ముగ్గురూ టిక్కెట్టు కొన్నవాళ్ళు కాదు మరి.